వాన లెక్కలో ఫిబ్రవరి 30

నేను క్లైమేట్ మోడల్ (భూమి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) డేటాతో పని చేస్తానని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "ఇంతకీ ముందు ముందు వాన పెరుగుద్దా తగ్గుద్దా, ఒక్క ముక్కలో చెప్పు" అని. ఎండ సంగతి అయితే ఒక్క ముక్కలోనే చెప్పేస్తా, పెరుగుతుంది. వాన దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్ళు నమలాల్సి వస్తుంది. ఎందుకో ఒకసారి రాసి పెట్టేస్తే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుందని కూర్చున్నా.

ముందు ఫైల్ ఎలా ఉంటుందో చెప్తా. మోడల్ నుంచి వచ్చేది నెట్‌సీడీఎఫ్ అనే రకం డేటా ఫైల్, అందులో వాన మిల్లీమీటర్లలో ఉండదు, చదరపు మీటరుకి సెకనుకి ఇన్ని కిలోల నీళ్ళు అని ఉంటుంది. అంటే 0.00003 లాంటి నంబర్లన్నమాట. దాన్ని రోజులో ఉన్న 86400 సెకన్లతో గుణిస్తే అప్పుడు రోజుకి రెండున్నర మిల్లీమీటర్లు అని మనకి తెలిసిన వాన అవుతుంది. కొత్తలో నేను ఆ గుణకారం మర్చిపోయి మ్యాప్ గీసేసి, భూమ్మీద ఎక్కడా చుక్క పడట్లేదేంట్రా బాబూ అని పూటంతా తల పట్టుకున్నా.

అది అయ్యాక ఇంకోటి. బ్రిటన్ హాడ్లీ సెంటర్ వాళ్ళ హ్యాడ్‌జెమ్2 మోడల్ డేటా తీసుకుంటే స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయింది, ఎర్రర్ ఏంటా అని చూస్తే ఫిబ్రవరి 30 తారీఖు. ఫైల్ పాడైందనుకుని మళ్ళీ డౌన్‌లోడ్ చేశా, మళ్ళీ అదే. తీరా విషయం ఏంటంటే ఆ మోడల్లో ఏడాదికి 360 రోజులే, ప్రతి నెలకీ 30, లెక్క సులువుగా ఉంటుందని అలా పెట్టుకున్నారు. ఫిబ్రవరి 30న వాన కూడా పడుతుంది అందులో!

నవ్వొచ్చినా నాకు అసలు సంగతి బుర్రకెక్కింది అప్పుడే. మోడల్లో 2009 అని రాసున్నది మనం చూసిన 2009 కాదు. దానికి బయట్నుంచి ఇచ్చేది గ్రీన్‌హౌస్ వాయువులు ఎంత, సూర్యుడి వేడి ఎంత, అగ్నిపర్వతాలు ఎప్పుడు పేలాయి, గాల్లో పొగా ధూళీ ఎంత, ఇలాంటివి, మిగతా వాతావరణం అంతా అది సొంతంగా వండుకుంటుంది, ఏ ఏడు ఎల్ నినో రావాలో దాని ఇష్టం. కాబట్టి ఫలానా ఏడాది కరువొచ్చింది కదా మీ మోడల్ ఎందుకు చూపించలేదు అని అడిగితే తప్పు మోడల్‌ది కాదు, ప్రశ్నది. ముప్పై ఏళ్ళు ఒక కట్ట కట్టి ఆ కట్టనీ ఈ కట్టనీ పోల్చాలి, అంతే.

సరే, ఎండకి తొందరగా జవాబొచ్చి వానకి ఎందుకు రాదు? సుకురో మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు కలిసి 1967లో గాలిని ఒక్క నిలువు స్తంభంలా లెక్కగట్టి కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే సుమారు 2.3 డిగ్రీలు వేడెక్కుతుందన్నారు, ఈరోజుకీ ఆ నంబరు మరీ దూరంలో లేదు, మనాబేకి 2021లో నోబెల్ కూడా వచ్చింది. వానకి అలాంటి అడ్డదారి లేదు. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, ఇది ఫిజిక్స్, ఇందులో తగాదా లేదు. కానీ భూమి మొత్తమ్మీద సగటు వాన డిగ్రీకి పెరిగేది సుమారు 2 శాతమే, మహా అయితే 3, ఎందుకంటే ఆవిరి నీరుగా మారినప్పుడు వదిలే వేడిని వాతావరణం మళ్ళీ బయటికి పంపాలి, ఆ పంపే స్పీడు అంత పెరగదు. ఆ 7కీ ఈ 2కీ మధ్య ఉన్న తేడా చూడండి, కుండపోత పడినప్పుడు దగ్గర్లో ఉన్న ఆవిరంతా దిగిపోతుంది కాబట్టి అది 7 దారిలో పెరుగుతుంది, మొత్తం వాన మాత్రం అంత పెరగదు, అంటే పడినప్పుడు దంచికొట్టడం, మిగతా రోజులు పొడిగా పోవడం.

ఇదంతా భూగోళం మొత్తానికి. ఒక ప్రాంతానికి వచ్చేసరికి గాలి ఎటు వీస్తుందన్నదే అసలు కథ, అక్కడే మోడళ్ళు కొట్టుకుంటాయి. మధ్యధరా సముద్రం చుట్టూ ఎండిపోతుందని, ధ్రువాల వైపు వాన, మంచు కలిపి కురిసేది పెరుగుతుందని దాదాపు అన్నీ ఒప్పుకుంటాయి. మధ్యలో ఉన్న చాలా చోట్ల ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెం అంటుంది. తూర్పు ఆఫ్రికానే తీసుకోండి, మార్చి నుంచి మే దాకా పడే వానలు 1980ల తర్వాత కొన్ని దశాబ్దాలు తగ్గుతూ వచ్చాయి, మోడళ్ళేమో పెరుగుతాయన్నాయి, ఈ ముడి ఇంకా పూర్తిగా విడలేదు.

ఇంకో తలనొప్పి గడి సైజు, మోడల్ భూమిని గళ్ళుగా కోసి ఒక్కో గడికి ఒక్కో లెక్క వేస్తుంది. గ్లోబల్ మోడల్లో ఒక గడి సుమారు 100 కిలోమీటర్లు, ఉరుముల మేఘమేమో కొన్ని కిలోమీటర్లే. గడిలో పట్టని మేఘాన్ని లెక్కగట్టలేరు కాబట్టి దాని బదులు ఒక ఫార్ములా పెడతారు, దాన్నే పారామీటరైజేషన్ అంటారు, ఆ ఫార్ములా ఒక్కో టీమ్‌ది ఒక్కో రకం. దాంతో మోడల్ వాన చూస్తే వారానికి రెండ్రోజులు గట్టిగా కురవాల్సింది పోయి రోజూ తుంపర తుంపరగా పడుతూనే ఉంటుంది. ఆండీస్ లాంటి నిటారు కొండలు కూడా గడి సగటులో అరిగిపోయి గుట్టల్లా అయిపోతాయి, ఇక కొండకి ఇవతల వాన, అవతల పొడి అన్న తేడా సగం ఎగిరిపోతుంది. 12 కిలోమీటర్ల గడితో ఒక్క ప్రాంతానికే నడిపే రీజినల్ మోడల్ వాడితే కొండలు బాగుపడతాయి, 4 కిలోమీటర్ల లోపు వెళ్తే ఉరుముల వాన కూడా నిజం వానలా ఉంటుంది, కానీ ఆ చిన్న మోడల్ అంచుల్లోంచి లోపలికొచ్చే గాలి పెద్ద మోడల్ ఇచ్చిందే, అదే తప్పైతే ఎంత సన్నగా చెక్కినా తప్పే వస్తుంది.

మోడల్ వానకీ అసలు వానకీ ఉన్న తేడాని సరిచేయడానికి మేం చేసేది క్వాంటైల్ మ్యాపింగ్. ముప్పై ఏళ్ళ మోడల్ వానని చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసలో పేర్చి, పక్కనే వానమాపకం లెక్కలు అలాగే పేరుస్తాం. మోడల్లో అన్నిటికన్నా పెద్ద వాన 60 మిల్లీమీటర్లు, మాపకంలో 140 అనుకోండి, ఇక మోడల్ 60 అన్నప్పుడల్లా 140 అని రాసుకుంటాం. బానే ఉంది. రేపు మోడల్ 75 అంటుంది, అది వరసలోనే లేదు, అప్పుడేం రాయాలి? అక్కడ ఎవరి పద్ధతి వాళ్ళది, నిజానికి అది లెక్కకన్నా అంచనా. మనకి కావాల్సిన పెద్ద వానలన్నీ ఉండేది సరిగ్గా అక్కడే.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది మాత్రం సగటు మ్యాపు. పది మోడళ్ళలో ఐదు వాన 20 శాతం పెరుగుతుందని, ఐదు 20 శాతం తగ్గుతుందని అంటే సగటు సున్నా, మ్యాపు మీద అక్కడ తెల్లగా ఉంటుంది. ఒక రిపోర్టులో అలాంటి తెల్లటి చోటు చూపించి "మార్పు ఉండదు" అని రాసేశారు. ఆ పది మోడళ్ళలో ఒక్కటి కూడా ఆ మాట అనలేదు కదండీ!

పోనీ ఒక్క మంచి మోడల్నే నమ్ముకుందామంటే అదీ కుదరదు. అమెరికాలో సీఈఎస్ఎం అనే ఒకే మోడల్ని, అవే వాయువులిచ్చి, మొదట్లో గాలి వేడిని డిగ్రీలో వంద లక్షల కోట్లో వంతు తేడాతో మార్చి నలభై సార్లు నడిపారు. 1961లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ తన కంప్యూటర్ లెక్కలో 0.506127 బదులు 0.506 అని కొడితే వాతావరణమంతా మారిపోయి కంగుతిన్న కథే ఇది, కాకపోతే ఈసారి కావాలని చేశారు. ఎండ అన్నిట్లోనూ పెరిగింది. వాన మాత్రం కొన్ని చోట్ల ఒక రన్‌లో దశాబ్దాల పాటు పెరిగితే ఇంకో రన్‌లో తగ్గింది. ఇక్కడ తప్పేం లేదు, వాతావరణానికి ఉన్న సొంత ఊగిసలాట అది, ఎంత కంప్యూటర్ కొన్నా పోదు.

డ్రైనేజీ డిజైన్ చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు, నంబర్ చెప్పరా అంటే ఇన్నాళ్ళూ రేంజ్ చెప్తున్నానని తిట్టేవాడు. ఈమధ్య వాడే అన్నాడు, కాలవకి పై అంచు తీసుకుంటా, రిజర్వాయర్‌కి కింది అంచు తీసుకుంటా, సగటు నాకెందుకు, డేటా పంపు చాలు అని. పంపించా. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్: "ఒరేయ్, ఇందులో ఫిబ్రవరి 30 ఉందేంట్రా, వైరస్సా?"