నీటిని తప్పించుకునే బోరు

నార్వేలోని బెర్గెన్ విమానాశ్రయంలో ట్రామ్ ఎక్కేసరికి నా మనసేమీ బాగాలేదు. కాగితపు కప్పుడు కాఫీకి పుచ్చుకున్న సొమ్ముతో అనంతపురంలో ఇద్దరు కడుపునిండా భోంచేయవచ్చునన్న లెక్క ఒకపక్క, తెరిపి లేని వాన మరోపక్క. సాండ్స్లివేగెన్ స్టాపులో ఎక్కి ఎదుట కూర్చున్న నడివయసు ఆవిడ, నేను ముప్పై ఏళ్లు బోరు పాయింట్లు పెట్టి రిటైరైన భూగర్భజల ఉద్యోగినని వినగానే చేతిలోని అల్లిక ఆపేశారు. సముద్రగర్భంలో చమురు బావులకు దారి చూపడం తన పని అనీ, నేను వెతికిన నీటినే తాను తప్పించుకోవాలనీ అన్నారు.

ఆవిడ మాటల్లో నార్వే సముద్రతీరానికి ఆవల ఉన్న ట్రోల్ క్షేత్రం ప్రస్తావన వచ్చింది. ట్రోల్ అంటే నాకు సహజవాయువే గుర్తు. అక్కడ వాయువుకీ నీటికీ నడుమ చమురు పొర ఉందనీ, పడమటి భాగంలో కొన్నిచోట్ల అది మొదట్లోనే 11 నుంచి 13 మీటర్ల మందమనీ ఆవిడ చెప్పేదాకా తెలియదు. నిటారుగా బావి దింపితే పైనుంచి వాయువూ, కిందినుంచి నీరూ చొచ్చుకొస్తాయి. అందుకే సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల లోతున బావిని అడ్డంగా తిప్పి, నీటికి కాస్త ఎగువన కిలోమీటర్ల పొడవునా నడుపుతారట. అర డిగ్రీ వంపు తప్పితే కిలోమీటరు పోయేసరికి దాదాపు 9 మీటర్ల తేడా వస్తుందని మనసులోనే లెక్కకట్టి ఉలిక్కిపడ్డాను.

దారి తెలిపేది మాత్రం నాకు తెలిసిన విద్యే. మేము పొలంలో ఇనుపకడ్డీలు పాతి విద్యుత్ నిరోధం కొలిచేవాళ్లం. వీళ్ల పరికరం బిట్టు, అంటే రాతిని తొలిచే మొన, వెనుక గొట్టంలోనే కూర్చుని, బావిలో తిరిగే బురదలాంటి డ్రిల్లింగు ద్రవంలో పీడన స్పందనలుగా పైకి కబురు పంపుతుంది. మా గ్రానైటులో నిరోధం తగ్గితే రైతు ముఖం వెలిగేది. ఆవిడకు అదే ప్రమాద సూచన, ఉప్పునీరు దగ్గరపడిందన్నమాట. పక్కనున్న రాతిని మాత్రమే కొలిస్తే, కబురు అందేలోగా బిట్టు పొర దాటిపోవచ్చు కనుక, పదుల మీటర్ల దూరంలోని సరిహద్దులను పసిగట్టే పరికరాలు వచ్చాయి. అయినా సున్నపు గట్టిపొర తగిలితే బిట్టు పక్కకు జారుతూనే ఉంటుందట.

మావైపు రైతు ముందు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేవాణ్ని పిలిచి, ఆ తర్వాతే నన్ను పిలిచేవాడని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కొన్ని రాత్రుల షిఫ్టులో తమకూ ఆ కాయ ఉంటే బాగుండుననిపిస్తుందంటూ దిగిపోయారు.

మర్నాడు మళ్లీ డబ్బు పోసి ఫ్లోయెన్ కొండెక్కి, ట్రోల్ ఉన్న పడమటి దిక్కుకు చూశాను. వాన తప్ప ఏమీ కనిపించలేదు.