పిల్లి వచ్చాక మా కుండీల పంపకాలు

మా ఇంట్లో మొక్కలు అత్తయ్యవి, జున్ను అనే పిల్లి నాది. అందుకే జున్ను మనీప్లాంట్ ఆకు కొరికి, చొంగ కార్చుకుంటూ ముందుకాలితో మూతి రుద్దుకుంటున్న ఆ సాయంత్రం ఇంట్లో కాస్త వేడి పుట్టింది. దాని నోరు నీళ్లతో తుడిచి, కొరికిన ఆకును కూడా పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆకు తేవడం మంచి పని అన్నారు ఆవిడ. మనీప్లాంట్‌లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నాలుకకూ చిగుళ్లకూ గుచ్చుకుని మంట పుడుతుంది, సాధారణంగా ప్రాణం మీదికి రాదు. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించే వైద్యం మాత్రం ఇంట్లో ఎన్నడూ చేయవద్దని గట్టిగా చెప్పారు.

"అయితే అన్నీ పారేయమంటావా?" అన్నారు అత్తయ్య. అక్కర్లేదు. డిఫెన్‌బాకియా, పీస్ లిల్లీ కూడా మనీప్లాంట్ బాపతే. కలబంద, స్నేక్ ప్లాంట్ తింటే వాంతులు, విరేచనాలు. పిల్లికి అలమార ఎత్తు ఒక లెక్క కాదు కనుక వీటన్నిటినీ తలుపు వేసి ఉంచే వెనక బాల్కనీకి మార్చాం. మనీప్లాంట్ హాల్లో లేకపోతే డబ్బు నిలవదన్న వాదన కొన్నాళ్లు నడిచింది. ఉన్నప్పుడు మాత్రం ఏం నిలిచిందని మామయ్య అన్నాక ఆగింది.

బేరం లేనివి రెండు. గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది, చిన్న ఈతచెట్టులా ఉండే సైకస్ కాలేయాన్ని. సైకస్‌ను ఇచ్చేశాం. రోజూ పూజకు పూలిచ్చే గన్నేరును వదులుకోవడం అత్తయ్యకు నిజంగానే కష్టమైంది. దాని చోట మల్లె, గులాబీ పెట్టాం. అవి పిల్లికి విషం కావు.

ఇంతా చేస్తే, అన్నిటికంటే పెద్ద ప్రమాదం మా కుండీల్లో లేనే లేదు. అది పూలగుత్తుల్లో వస్తుంది. దండల్లో కట్టే లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే జాతి. నేను చెప్పేది బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీల గురించి: రేకులు వెనక్కి వంగి, మధ్యలో గోధుమరంగు పుప్పొడితో ఉంటాయి. ఆ పుప్పొడి ఒంటి మీద రాలి, పిల్లి నాకి శుభ్రం చేసుకున్నా చాలు, కూజాలో నీళ్లు తాగినా చాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదట వాంతులు, తిండి మానేయడం. తర్వాత కాస్త తేరుకున్నట్టే కనిపించవచ్చు. కానీ 24 నుంచి 72 గంటల్లో మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకెళ్లి సెలైన్ ఎక్కిస్తేనే ఆశ. 18 గంటలు దాటితే ఆ ఆశ బాగా తగ్గిపోతుందట.

మొన్న మామయ్య పుట్టినరోజుకు వచ్చిన చుట్టాల చేతిలో అలాంటి గుత్తే ఉంది. నేను వంటింట్లోంచి వచ్చేలోపే అత్తయ్య దాన్ని గుమ్మం బయటే అందుకుని, కింద వాచ్‌మన్ గదిలో పెట్టించి, చేతులు కడుక్కుని వచ్చి వాళ్లకు కాఫీలు ఇచ్చారు.