విమానం వెనుక లాక్కెళ్లే తీగ మీది బలాలు: గేట్ ఏరోస్పేస్ అభ్యర్థులకు నా ప్రిపరేషన్ అనుభవం

గేట్ ఏరోస్పేస్ పేపర్‌కు చదువుతున్న మిత్రులకు నమస్కారం. ఏరోడైనమిక్స్, మెకానిక్స్, అవకలన సమీకరణాలు ఈ మూడూ నాకు ఒక్కచోట కలిసి అర్థమైంది ఒకే లెక్కతో కాబట్టి, దాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను. డీఆర్‌డీవో తయారుచేసిన పైలట్ లేని విమానం ‘లక్ష్య’ ఒక టార్గెట్‌ను (గురి సాధనకు వాడే లక్ష్యాన్ని) పొడవాటి తీగతో వెనుక లాగుతూ ఎగరగలదు. విమానం నిలకడైన వేగంతో తిన్నగా పోతుంటే అలాంటి తీగ ఏ కోణంలో నిలుస్తుంది, పై కొసలో టెన్షన్ (తీగను బిగదీసే బలం) ఎంత ఉంటుంది అన్నది ప్రశ్న.

ముందు టార్గెట్ లేని ఉత్త తీగనే తీసుకోండి. అందులో చిన్న ముక్కకు ఫ్రీ బాడీ డయాగ్రామ్ (దాని మీది బలాలన్నీ చూపే బొమ్మ) గీసి, బలాలను అడ్డంగా, నిలువుగా కాకుండా తీగ వెంబడి, తీగకు లంబంగా విడగొట్టండి. అప్పుడు మొదటి సమీకరణం టెన్షన్ ఎలా పెరుగుతుందో, రెండోది తీగ ఎలా వంగుతుందో చెబుతాయి. గాలి వేగంలో తీగకు లంబంగా ఉన్న భాగమే తీగను అడ్డంగా నెడుతుంది కాబట్టి, మీటరుకు ఆ బలం డైనమిక్ ప్రెజర్ (గాలి సాంద్రతలో సగాన్ని వేగ వర్గంతో గుణిస్తే వచ్చేది), తీగ వ్యాసం, డ్రాగ్ (గాలి నిరోధం) గుణకం, తీగకూ గాలి దిశకూ మధ్య కోణపు సైన్ వర్గం, ఈ నాలుగింటి లబ్ధం అవుతుంది.

4 మి.మీ. ఉక్కు తీగ, సముద్రమట్టం, సెకనుకు 60 మీటర్ల వేగం, డ్రాగ్ గుణకం 1.1 అనుకుందాం. తీగ బరువు మీటరుకు సుమారు 0.97 న్యూటన్లు, గాలి తీగకు లంబంగా తగిలితే మీటరుకు పడే బలం 9.7 న్యూటన్లు. కింది కొసలో టెన్షన్ సున్నా కనుక అక్కడ లంబ దిశలో బలాలు వాటికవే సరితూగాలి. కొసైన్‌లో వర్గ సమీకరణం సాధిస్తే కోణం క్షితిజానికి కింద 18 డిగ్రీలు వస్తుంది, తీగ పొడవునా అదే కోణం నిలుస్తుంది. తీగ వెంబడి దిశలో మీటరుకు బరువు భాగం 0.30 న్యూటన్లు, గాలితో ఉపరితల ఘర్షణ సుమారు 0.17 న్యూటన్లు, అంటే 100 మీటర్ల తీగకు పై కొసలో టెన్షన్ దాదాపు 47 న్యూటన్లు.

ఇక్కడ ఆగి నిలువు బలాలను కూడి చూడండి. తీగ బరువు 97 న్యూటన్లయితే విమానం మోసేది 15 మాత్రమే, మిగతాదంతా గాలే మోస్తోంది! న్యూమరికల్ ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేకపోయినా, ఈ సరిచూపు లేకుండా జవాబు నమోదు చేయవద్దని నా గట్టి సలహా.

ఇక చివర 200 న్యూటన్ల బరువు, 100 న్యూటన్ల డ్రాగ్ ఉన్న టార్గెట్‌ను తగిలిస్తే, కింది కొసలో కోణం 63 డిగ్రీలు, టెన్షన్ 224 న్యూటన్లు అవుతాయి. తెలిసిన విలువలు రెండూ అక్కడే ఉన్నాయి కాబట్టి సమాకలనం కింది నుంచే మొదలుపెట్టాలి. పైకి పోయేకొద్దీ తీగ క్రమంగా వాలుతూ అదే 18 డిగ్రీల వైపు చేరుకుంటుంది.