చీమకుర్తి క్వారీలో వేడెక్కిన లోడర్: నా అనుభవం

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో రాళ్లు మోసే ఒక వీల్ లోడర్‌కు ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) వేడెక్కుతోందని నాకు కబురు వచ్చినప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. ఎండ ముదరకముందే చూద్దామని ఉదయం ఆరింటికే వెళ్లాను. రాత్రంతా ఆగి ఉన్న బండి కావడంతో గేర్‌బాక్స్ మీద చేయి వేస్తే చల్లగా తగిలింది. అయినా తాళం తిప్పగానే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటి నిలిచింది, బజర్ మోగడం మొదలుపెట్టింది.

"అది రోజూ అట్టనే మోగుద్దన్నా, పట్టించుకోబాకు" అన్నాడు ఆపరేటర్. అంతకు ముందు వచ్చిన మెకానిక్ గేర్‌బాక్స్ నూనె వేడిని కొలిచే సెన్సర్‌ను రెండుసార్లు మార్చి, అప్పటికీ తగ్గకపోయేసరికి బజర్ వైరు పీకేయమని చెప్పి వెళ్లాడట. యజమాని ఆ మాట వినకపోవడం వల్లనే ఆ గేర్‌బాక్స్ దక్కిందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఇలాంటి సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. అందువల్ల సెన్సర్ నుంచి మీటరుకు వెళ్లే వైరు ఎక్కడైనా బాడీకి తగిలి ఎర్త్ అయితే, నిరోధం దాదాపు సున్నాకు పడిపోయి, నూనె ఎంత చల్లగా ఉన్నా మీటరు విపరీతమైన వేడినే చూపుతుంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీశాను. లోపం సెన్సర్‌లో ఉంటే ముల్లు కిందికి పడాలి, కాని కదలలేదు. తీసి పెట్టెలో పడేసిన పాత సెన్సర్లు రెండింటినీ టీ పొయ్యి మీది వేడి నీళ్లలో ముంచి మల్టీమీటరుతో చూస్తే, రెండింటిలోనూ నిరోధం వేడితో పాటు సక్రమంగా తగ్గుతూ వచ్చింది. మంచి సెన్సర్లనే మార్చారన్నమాట.

ఇక మిగిలింది వైరింగ్. ఇంజన్ వేయించి, స్టీరింగ్ నెమ్మదిగా తిప్పమన్నాను. బండి తిన్నగా నిలవగానే ముల్లు పడిపోయింది, ఎడమకు మళ్లగానే మళ్లీ ఎర్ర గీత దాటింది. ముందు, వెనుక భాగాలను కలిపే నడుమ కీలు దగ్గర క్లిప్పు ఊడిన వైర్ల కట్ట ఇనుప అంచుకు రాసుకుని, ఒక వైరు తొడుగు గోరంత మేర అరిగి రాగి తీగ మెరుస్తోంది. ముందు రోజు సాయంత్రం బండిని ఎడమకు తిప్పి ఆపినందువల్లనే పొద్దున్నే బజర్ మోగింది. అతుకు వేసి, కట్టకు పైపు తొడిగి, కొత్త క్లిప్పుతో బిగించాను.

పని అయిపోయిందనుకుని ఉంటే పెద్ద పొరపాటు జరిగేది. మధ్యాహ్నం రెండింటికి లోతు గుంత నుంచి రాయితో ర్యాంపు ఎక్కుతుండగా బజర్ మళ్లీ మోగింది. ఈసారి ముల్లు ఒక్కసారిగా ఎగరలేదు, నెమ్మదిగా పాకుతూ ఎక్కింది. ఈసారి వేడి నిజమైనదేనని ఆ తేడాయే నాకు చెప్పింది. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తప్పు చూపుతుంది కనుక, ఆయిల్ కూలర్‌లోకి వెళ్లే పైపుకూ తిరిగొచ్చే పైపుకూ నల్ల టేపు చుట్టి కొలిచాను. లోపలికి 117 డిగ్రీలు, బయటికి 111. కూలర్ దాదాపు ఏమీ చల్లార్చడం లేదు.

బయట నుంచి కూలర్ శుభ్రంగానే కనిపించింది. కానీ దానికీ రేడియేటర్‌కూ మధ్యనున్న సందులో టార్చి వేస్తే, నూనె తడికి అంటుకున్న రాతిపొడి సిమెంటు పూతలా గట్టిపడి ఉంది. రోజూ బయటి నుంచి నీళ్లు కొట్టి కడగడం వల్ల పొడి లోపలికే చేరుతూ వచ్చింది. కూలర్ విప్పి, గాలి వచ్చే దిశకు ఎదురుగా కంప్రెసర్ గాలి కొట్టించాం. నూనె నల్లబడి మాడు వాసన వేస్తుండడంతో దాన్నీ ఫిల్టర్‌నూ మార్చాం. పాత ఫిల్టర్‌ను కోసి చూస్తే సన్నని నల్ల పొడి తప్ప, లోపలి భాగాలు అరిగితే వచ్చే లోహపు రజను కనబడలేదు. నా గుండె అప్పుడు కుదుటపడింది.

ర్యాంపు మీద ఆపరేటర్ రెండో గేరులోనే లాగించే అలవాటు కూడా వేడికి ఒక కారణం. బరువుకు చక్రాలు నెమ్మదించినప్పుడు, ఇంజన్ బలంలో చాలా భాగం, ఆ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని నూనెను చిలకడానికే పోయి వేడిగా మారుతుంది. "ఒకటో గేరులో ఎక్కించు తమ్ముడూ, నిమిషం ఆలస్యమైనా ఫర్వాలేదు" అని పక్కన కూర్చుని నాలుగు ట్రిప్పులు వేయించాను. నాలుగో ట్రిప్పు తర్వాత లోపలికి 98, బయటికి 84 వచ్చింది.

పైపుల మీది నల్ల టేపు తీయలేదు. వారానికోసారి మధ్యాహ్నం పూట ఆ రెండు చోట్లా కొలిచి, బండి పుస్తకంలో రాయమని చెప్పి వచ్చాను.