చేతిలో మూడు ఎనిమిదులు పెట్టుకుని చెక్ చెప్పినా

మొన్న శనివారం రాత్రి తిరుపతి కొర్లగుంటలో బావ వాళ్ల మిద్దె మీద ముగ్గురం పోకర్ ఆడినాం. డబ్బుల్లేవు, అత్త చింతపండు కొట్టినప్పుడు మిగిలిన గింజలే చిప్స్, తలా 300. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడేది 2020లోనే మన రాష్ట్రంలో నిషేధించినారు, అది మంచి పనే అని నా అభిప్రాయం.

నా చేతికి ఇస్పేట్ ఎనిమిది, కళావర్ ఎనిమిది వచ్చినాయి. తలా 20 వేసినాం, మధ్యలో 60. ఫ్లాప్, అంటే బోర్డు మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు, ఆఠీన్ తొమ్మిది, ఆఠీన్ ఎనిమిది, కళావర్ మూడు. మూడు ఎనిమిదులు కుదిరినాయి కదా అని గుండె దడదడలాడింది, వాళ్లు పారిపోతారేమో అని చెక్ చెప్పినా, అంటే గింజలేం వేయకుండా వదిలేసినా, వాళ్లూ చెక్ చెప్పినారు, అంటే తర్వాతి ముక్క అందరికీ ఫ్రీగా చూపించినట్టే అయింది.

ఆ నాలుగో ముక్కని టర్న్ అంటారు, వచ్చింది ఆఠీన్ రాజు.

నేను 60 వేసినా, బావ నిమ్మళంగా గింజలు ఐదైదుగా లెక్కబెట్టి 180 చేసినాడు, మూడోవాడు ప్యాక్. కాల్ చేసినా, అంటే ఆయన వేసినంతకీ నేనూ వేసినా. రివర్‌లో, అంటే చివరి ముక్కగా, ఇస్పేట్ నాలుగు, బావ మిగిలిన 100 కూడా తోసేసినాడు, నేనూ తోసినా, ఆయన ఆఠీన్ ఆసు, ఆఠీన్ జాకీ చూపించినాడు, బోర్డుతో కలిపి ఐదు ఆఠీన్‌లు, అంటే ఫ్లష్, నా మూడు ఎనిమిదుల కంటే పెద్దది.

రాత్రంతా టర్న్‌లో కాల్ చేయడమే తప్పనుకున్నా, కానీ పొద్దున కాగితం మీద లెక్కేస్తే అది మరీ అంత తప్పేం కాదు. ఫ్లష్ వచ్చినా సెట్, అంటే నా మూడు ఎనిమిదులు, చచ్చిపోదు, బోర్డు మీద ఏదో ఒకటి జత పడితే ఫుల్ హౌస్, అంటే మూడు ఒకటే రకం, ఇంకో జత, అది ఫ్లష్‌ని కొడుతుంది, నాలుగో ఎనిమిది పడితే ఇంకేముంది, మొత్తం పది ముక్కలు, కనపడని 46లో 10 అంటే దాదాపు 22 శాతం. నేను 120 పెట్టి 300 కోసం పోయినా, అంటే 28 శాతం పైనే కావాల, బావ దగ్గర మిగిలిన ఆ 100 కూడా వస్తుందనుకుంటే 23 చాలు. కొంచెం తక్కువ పడింది, అంతే. అదే చేతిలో ఆసుల జత ఉండుంటే, ఫ్లష్ వచ్చినాక ఇంక తప్పించుకునే దారే దాదాపు లేదు, అందుకే సెట్టూ పెద్ద జతా ఒకటే అనుకుని ఆడకూడదు.

అసలు తప్పు ఫ్లాప్‌లో చెప్పిన ఆ చెక్. అక్కడ 45 వేసుంటే బావ 105 కోసం 45 పెట్టాల, 30 శాతం ఛాన్స్ ఉంటేనే గిట్టుబాటు, కానీ తర్వాతి ముక్కే ఆఠీన్ పడే ఛాన్స్ 47లో 9, అంటే 19 శాతమే. పైగా ఆ తొమ్మిదిలో ఆఠీన్ మూడు పడితే నాకు ఫుల్ హౌస్! మూడోవాడి దగ్గర పది, జాకీ ఉండాయంట, ఏడో రాణో పడితే వాడికి స్ట్రెయిట్, అంటే వరసగా ఐదు ముక్కలు. ఇద్దరూ ఎదురుచూస్తా ఉంటే నేను కూలి అడక్కుండా కూర్చున్నా. ఎండిన బోర్డు, అంటే రాజు, ఏడు, రెండు వేర్వేరు రంగుల్లో పడినప్పుడు దాచిపెట్టుకోవచ్చు, ఇట్లా ఫ్లష్‌కీ స్ట్రెయిట్‌కీ దారులున్న తడి బోర్డు మీద కాదు.

నిన్న రాత్రి మళ్లీ కూర్చున్నాం, అలిపిరి మెట్లదారి లైట్లు వరసగా వెలుగుతా ఉండాయి. ఈసారి పది, తొమ్మిది రెండు జతలు, బోర్డు మీద రెండు ఇస్పేట్‌లు. వెంటనే 45 వేసినా. బావ చాలాసేపు నా మొహంలోకి చూసి ముక్కలు కింద పెట్టేసి, "ఈరోజు ఆగలేదే బావా నువ్వు" అన్నాడు.