కొండ దిగడం నేర్చుకున్నాక: ట్రెయిల్ రేసుతో నా అనుభవం

ట్రెయిల్ రన్నింగ్, అంటే కొండదారుల్లో, మట్టిబాటల్లో పరుగెత్తడం, మొదలుపెట్టానని చెప్పగానే ఎవరైనా అడిగేది ఎక్కడం గురించే. "అంత ఎత్తు ఎలా పరుగెత్తుతారండీ?" అంటారు. నిజానికి ఇందులో నన్ను ఎక్కువ కష్టపెట్టిందీ, ఎక్కువ నేర్పిందీ దిగుడు. 30 కిలోమీటర్ల దూరం, మొత్తం 1,500 మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు ఉన్న ఒక కొండబాట రేసుకు సిద్ధమై దాన్ని పూర్తి చేసిన అనుభవం ఇది. రోడ్డు మీద హాఫ్ మారథాన్లు పరుగెత్తి, ఇప్పుడు మట్టిబాట వైపు చూస్తున్నవాళ్ళకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

రేసుకు పేరిచ్చాక మొదట లెక్క వేసుకున్నాను. రోడ్డు మీదైతే కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు అని గుణించుకుంటే చాలు. కొండల్లో అది పనికిరాదు. ట్రెయిల్ రేసుల్లో ప్రతి 100 మీటర్ల ఎక్కుడునూ ఒక కిలోమీటరు చదును దూరంగా లెక్కగట్టే పద్ధతి ఉంది. ఆ లెక్కన నా 30 కాస్తా 45 అయింది. దీనికన్నా చాలా పాతది, విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం. మన కొలతల్లో చెప్పాలంటే, నడిచేవాళ్ళు సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట వేసుకోవాలి. అంటే దూరానికి 6 గంటలు, ఎత్తుకు రెండున్నర, వెరసి ఎనిమిదిన్నర గంటలు. రేసు కటాఫ్, అంటే పూర్తి చేయడానికి ఇచ్చే గడువు, చూస్తే 7 గంటలు. ఆ గంటన్నర ఎక్కడ మిగుల్చుకోవాలన్న ప్రశ్న చుట్టూనే నా ట్రైనింగ్ అంతా నడిచింది.

ఎక్కుడులో మిగల్చడం నావల్ల అయ్యే పని కాదని త్వరగానే తేలిపోయింది. ఏటవాలు బాగా పెరిగాక పరుగెత్తినా, గట్టిగా అడుగులేస్తూ నడిచినా పైకి చేరే సమయంలో పెద్ద తేడా రావడం లేదు. ఆయాసంలో మాత్రం చాలా తేడా ఉంది. దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు బాగా నిటారుగా వంచిన ట్రెడ్‌మిల్ మీద రన్నర్లను పరీక్షించారు. ఎత్తు పెరిగే వేగం ఒకటే అయినప్పుడు, వాలు దాదాపు 16 డిగ్రీలు దాటాక పరుగుకన్నా నడకకే శక్తి తక్కువ ఖర్చవుతోందని తేల్చారు. అది చదివాక నడవడానికి మొహమాటపడటం మానేశాను. కాస్త ముందుకు వంగి, అరచేతులు తొడల మీద ఆనించి, ప్రతి అడుగుకూ చేత్తో తొడను కిందికి నొక్కుతూ ఎక్కడం అలవాటు చేసుకున్నాను. పక్కన ఉన్నవాళ్ళతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించాలి. గడియారంలో గుండె వేగం చూసుకోవడంకన్నా నాకు ఇదే బాగా పనిచేసింది.

ఇక మిగిలింది దిగుడు. ఆ గంటన్నరలో ఎక్కువ భాగం అక్కడే దొరకాలి.

శక్తి ఖర్చు విషయంలో దిగుడు చాలా చవక. 2002లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, అడ్డంగా 100 మీటర్లు ముందుకు పోయేసరికి 20 మీటర్లు కిందికి దిగే వాలులో పరుగుకు అయ్యే ఖర్చు అన్నిటికన్నా తక్కువ. మరి అలాంటప్పుడు కాళ్ళు ఎందుకు చచ్చుబడిపోతాయి? ఎక్కేటప్పుడు తొడ ముందు కండరాలు కుంచించుకుంటూ పనిచేస్తాయి. దిగేటప్పుడు మాత్రం ఒకవైపు సాగుతూనే, ఇంకోవైపు బిగుసుకుని శరీరం బరువుకు బ్రేకు వేయాలి. ఆ లాగుడులో కండరాల నారలు సూక్ష్మంగా దెబ్బతింటాయి. నొప్పి వెంటనే తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల లోపు ఎక్కువై, తర్వాత తగ్గుతుంది. నా మొదటి పొడవాటి దిగుడు ప్రాక్టీసు అయ్యాక మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి దిగాల్సి వచ్చింది. ఎక్కడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దెబ్బ ఏ కండరాలకు తగిలిందో అక్కడే అర్థమైపోయింది.

అయితే ఇందులో ఎంతో మేలు చేసే సంగతి ఒకటుంది. అదే పని కొన్ని రోజుల తర్వాత మళ్ళీ చేస్తే ఆ నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. ఒక్కసారి దెబ్బతిన్న కండరం తర్వాతి దెబ్బకు సిద్ధమైపోతుంది, ఆ రక్షణ వారాల తరబడి ఉంటుంది. నా ప్లాన్ మొత్తం దీని మీదే కట్టాను. పది రోజులకో, రెండు వారాలకో ఒకసారి గట్టి దిగుడు, మధ్యలో మామూలు పరుగులు. రేసుకు సుమారు రెండు వారాల ముందే చివరి గట్టి దిగుడు అయిపోయేలా చూసుకున్నాను. కొండ దగ్గరలో లేనివాళ్ళు కూడా కొంతవరకు ఇది చేయొచ్చు. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమ నేలను తాకేదాకా మెల్లగా దిగడం, మళ్ళీ లేవడం. నిదానంగా దిగడమే ఇందులో కీలకం. చూడ్డానికి చాలా చిన్న పనిలా ఉంటుంది, కానీ తొడల చేత నిజంగా పని చేయిస్తుంది.

బలం ఒక ఎత్తు, దిగే తీరు ఒక ఎత్తు. అది నాకు నేర్పింది మాతో పరుగెత్తే ఒక పెద్దాయన. ఒక రాళ్ళ వాలులో నేను వెనక్కి వాలి, మడమలు నేలకేసి కొడుతూ దిగుతుంటే ఆపి, "వెనక్కి వాలితే కాలు జారుతుంది బాబూ. నడుం ముందుకు రానీ, అడుగు చిన్నది చెయ్" అన్నారు. భయం వేసినప్పుడు శరీరం దానంతట అదే వెనక్కి పోతుంది. అప్పుడు బరువంతా మడమ మీద పడి, కింద ఉన్న గులకరాయి దొర్లితే పట్టు దొరకదు. ముందుకు ఉంటే బరువు పాదం మధ్యలో పడుతుంది, ఒక అడుగు జారినా తర్వాతి అడుగు అప్పటికే నేలకు అంది ఉంటుంది. ఆయన వెనకే దిగుతూ ఆయన కాళ్ళనే గమనించాను. అడుగులు టకటకమంటూ పొట్టిగా పడుతున్నాయి. చేతులు రెండు పక్కలకూ విచ్చుకుని ఊగుతున్నాయి. చూపు కాళ్ళ దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు ఉంది. ఏ రాయి మీద అడుగు వేయాలో కళ్ళు ముందే నిర్ణయిస్తే కాళ్ళు దాన్ని గుర్తుంచుకుంటాయి. నాకు ఇది నమ్మబుద్ధి కావడానికి చాలా రోజులు పట్టింది, కానీ పూర్తిగా నిజం.

బూట్ల గురించి రెండు మాటలు చెప్పాలి. ట్రెయిల్ బూట్ల అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల పళ్ళు ఉంటాయి. మట్టిలో, గడ్డిలో అవి పట్టు ఇస్తాయి. తడి బండ మీద మాత్రం పళ్ళకన్నా రబ్బరు నాణ్యతే ముఖ్యం. దిగుడులో పాదం ముందుకు జారి వేళ్ళు బూటు ముక్కుకు కొట్టుకుంటూ ఉంటే గోళ్ళు నల్లబడతాయి. బూటుకు అన్నిటికన్నా పైన, చీలమండ దగ్గర, చాలామంది వాడకుండా వదిలేసే ఇంకో రంధ్రం ఉంటుంది. లేసును అందులోంచి పోనిచ్చి చిన్న ఉచ్చులా చేసి, అవతలి కొసను దాంట్లోంచి తీసి బిగిస్తే మడమ కదలదు. నాకు గోళ్ళ బాధ దాంతోనే పోయింది.

రేసు రోజు మొదటి కొండ ఎక్కుడు అనుకున్నట్టే ఓపిగ్గా నడిచాను. బాట ఒక్క మనిషి పట్టేంతే ఉండటంతో అందరం వరసగా వెళ్ళాం, కొంతమంది పక్క పొదల్లోంచి దూసుకెళ్ళారు. టెన్షన్ పడలేదు. గంటకు దాదాపు 50 గ్రాముల కార్బోహైడ్రేట్లు లోపలికి వెళ్ళేలా ప్రతి అరగంటకూ కొంత తిన్నాను, ఎక్కుళ్ళలోనే తిన్నాను. దిగేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలి, నమలడానికి తీరిక ఉండదు. నీళ్ళు దాహాన్ని బట్టే తాగాను. అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం వస్తుంది.

మూడో కొండ మీద పిక్కలు పట్టేయబోతున్నట్టు అనిపించి వేగం ఇంకా తగ్గించాను. చాలామంది నన్ను దాటిపోయారు. పైన చెక్‌పాయింట్‌లో గడియారం చూస్తే అయిదు గంటల నలభై నిమిషాలు. ఇంకా 6 కిలోమీటర్లు ఉంది, అంతా దిగుడే, దాదాపు 600 మీటర్లు. మొదటి మలుపులో ఎర్రమట్టి మీద సన్నటి రాళ్ళు పరుచుకుని ఉన్నాయి. అక్కడ కుడికాలు ఒక జానెడు జారింది. గుండె ఒక్కసారి గుభేలుమంది, కానీ ఎడమకాలు అప్పటికే కింద ఉంది. ఆ తర్వాత భయం పోయింది. కొండ మీద నన్ను దాటినవాళ్ళు ఒక్కొక్కరే కనిపించసాగారు, బిగుసుకుపోయి మడమల మీద దిగుతున్నారు. "ఎడమ పక్క నుంచి వస్తున్నానండీ" అని ముందే కేకేసి, వాళ్ళు సర్దుకున్నాకే దాటాను. ఒకచోట ఒకతను చీలమండ మెలిపడి కూర్చుండిపోయాడు. అక్కడ ఆగి, అతని నంబరు చూసుకుని, కింద వాలంటీరుకు చెప్పాను. బాటలో సాయం కావలసినవాళ్ళను దాటిపోకూడదన్నది ఈ ఆటలో అందరూ పాటించే నియమం, సమయం పోతుందని చూసుకోరు.

ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలకు గీత దాటాను. కటాఫ్‌కు ముప్పై అయిదు నిమిషాలు మిగిలింది. మర్నాడు మెట్లు నేరుగానే దిగాను, కాస్త నొప్పితో. నాకు ఫినిషింగ్ సమయంకన్నా దాంతోనే ఎక్కువ సంతోషం కలిగింది.

ఇప్పుడు పేరిచ్చిన రేసు తెల్లవారుజామునే మొదలవుతుంది, మొదటి దిగుడు చీకట్లోనే. తల మీది లైటు వెలుగులో రాళ్ళకూ వాటి నీడలకూ తేడా తెలియదు, గుంతల లోతు అందదు. ఇంకో లైటు నడుముకు కట్టుకుంటే వెలుగు కింది నుంచి పడి నీడలు విడివిడిగా కనిపిస్తాయని తెలిసినవాళ్ళు చెప్పారు. వచ్చే వారం అదే వాలులో, ఆ పెద్దాయన వెనకే, మెల్లగా మొదలుపెడుతున్నాను.