బాయ్‌కాట్ ఒకాయన ఇంటిపేరు

"ఏం వేలం అబ్బాయా, ఇయ్యాల అందరం బాయ్‌కాట్ చేసి వచ్చేశాం" అన్నాడు ఒంగోలు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన. లో గ్రేడ్ పొగాకుని కొనేవాళ్లు ముట్టుకోవడం లేదంట. ఆయన తువ్వాలు నిండా పొగాకు వాసనే. బడి మొహం చూడలేదని తనే చెప్పాడు, ఆ ఇంగ్లీషు మాట మాత్రం ఎంత సాఫీగా వచ్చిందో!

అసలు అది ఒకాయన ఇంటిపేరు. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్, ఐర్లండ్ మేయో కౌంటీలో ఒక జమీందారు ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతుల్ని ఖాళీ చేయించబోతే వాళ్లు పనికి రావడం మానేశారు, కొట్లో సరుకులు ఇవ్వడం మానేశారు, చివరికి పొలంలో పంట తియ్యడానికి వేరే ప్రాంతం నుంచి యాభై మంది కూలీల్ని తెస్తే వాళ్లకి కాపలాగా వెయ్యి మంది దాకా సైనికులు, పోలీసులు! పంట విలువ కన్నా కాపలా ఖర్చు ఎన్నో రెట్లు. డిసెంబరుకల్లా దొర ఐర్లండ్ వదిలి పోయాడు.

వెలేయడాన్ని ఇంగ్లీషులో ఆస్ట్రసైజ్ అంటారు, అలా అనాలంటే పల్లె జనానికి నోరు తిరగదు, ఆయన పేరే వాడేద్దాం అన్నది ఆ ఊరి పాదిరీ ఫాదర్ ఓమ్యాలీ అంటారు. ఎంత తెలివి! ఆ నవంబరుకే లండన్ పేపర్లకెక్కింది.

మనకీ వెలేయడం ఉంది కదా అనుకోవచ్చు. కానీ వెలి ఊరి పెద్దలు బలహీనుడి మీద వేసేది, ఇది కౌలు రైతులు ఏజెంటు మీద చేసింది. మన పేపర్లు మాత్రం రెంటికీ బహిష్కరణ అనే రాస్తాయి.